లంకయ్య మూడు చుట్లు

చిన్నాన్న పోయిన తొమ్మిదో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. పెద్దకార్యానికి వచ్చిన చుట్టాలంతా వసారాలో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. దొడ్లో వంటవాళ్లు కొబ్బరి డొక్కలతో పొయ్యి రాజేస్తే, తడి గాలికి పొగ పైకి పోలేక ఇంట్లోకి తిరిగింది. ఆ పొగలో ఇంకో వాసన వచ్చి కలిసింది. తడిసిన కుక్క వాసన.

తల తిప్పి చూస్తే వీధి అరుగు మీద ఒక ఊరకుక్క. ఎర్రటిది, బక్కది. చెవులు టపటపమనేలా ఒళ్లు దులుపుకుంది. మూల ఎవరో పడేసిన గోనెసంచి దగ్గరికి వెళ్లి, వాసన చూసి, దాని మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడో చుట్టు అయ్యాక కాళ్లు ముడుచుకుని, ముక్కు తోక కింద దాచుకుని పడుకుంది.

పక్కన పిన్ని కూడా దాని వైపే చూస్తోంది. "మూడేనా?" అంది మెల్లగా.

"మూడే పిన్నీ" అన్నాను.

తొమ్మిది రోజుల్లో ఆవిడ తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. మా ఇంట్లో ఈ లెక్క లంకయ్యతో మొదలైంది. లెక్కపెట్టడం నేర్పింది చిన్నాన్న.

*

లంకయ్య మా ఇంటికి 1986 వరదల్లో వచ్చాడు. అది ఆగస్టు నెల. ధవళేశ్వరం దగ్గర నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటిందని పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే, ఆ అంకె ఎంతో మాకు తెలియక నాన్న ముఖం చూసి భయపడేవాళ్లం. వైనతేయ గట్టు మీద రాత్రంతా లాంతర్లు తిరిగేవి. ఎక్కడ గండి పడుతుందోనని మగవాళ్లు ఇసుక బస్తాలు మోసేవారు. గోదావరి మధ్య దిబ్బల్లాంటి లంకల్లో ఉండేవాళ్లని పడవల మీద తెచ్చి మా ఊరి బళ్లో పెట్టారు. మనుషులతోపాటు మేకలు, కోళ్లు, దూడలు. అలా వచ్చిన ఒక పడవలో మేకపిల్లల మధ్య ముద్దగా తడిసిన కుక్కపిల్ల ఒకటి ఉంది. ఎవరిదంటే ఎవరూ మాది అనలేదు.

చిన్నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. సైకిలు హ్యాండిలుకి గుడ్డసంచి, అందులో సూదులు, దూది, టించరు సీసా. ఏటా తొలకరికి ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేస్తూ ఊరూరా తిరిగేవారు. ఆయన చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా టించరు వాసన పోయేది కాదు. ఆ వరద వారమంతా గట్టు మీద పశువుల దగ్గరే ఉన్నారు. ఇంటికి వచ్చినప్పుడు చొక్కా లోపలి నుంచి ఆ పిల్లని తీసి నానమ్మ ముందు పెట్టారు.

"ఇంట్లోకి కుక్కేంట్రా? చంటిపిల్లలున్నారు. కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు" అంది నానమ్మ. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. కుక్క కాటంటే ఆ రోజుల్లో అదే వైద్యం. ఊళ్లో దాని పేరు చెప్పే పిల్లల్ని బెదిరించేవారు.

రాత్రంతా ఆ పిల్ల కుయ్యి కుయ్యిమంటూనే ఉంది. తెల్లవారేసరికి చూస్తే కొబ్బరిచిప్పలో పాలూ అన్నం కలిపి నానమ్మే పెట్టింది. మేం నవ్వబోతే, "సీతమ్మగారి గడ్డ మీద పుట్టి, ఆకలన్నదాన్ని పొమ్మంటామేంటే?" అంది. గన్నవరం అవతల డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళలో వచ్చినవాళ్లకి కూడా వండి పెట్టేవారని ఆవిడ మాకు ఎన్నిసార్లు చెప్పిందో. లంకల్లోంచి వచ్చాడు కాబట్టి లంకయ్య అని పేరు కూడా నానమ్మే పెట్టింది.

*

మొదట్లో వాడు చేసే ప్రతి పనీ మాకు వింతే. పడుకునే ముందు చుట్లు తిరగడం అన్నిటికంటే వింత. గచ్చు మీద, శుభ్రంగా తుడిచిన చోట కూడా గిరగిరా తిరిగి, కాళ్లతో నేలని గీరి, అప్పుడు పడుకునేవాడు. నానమ్మ చూసి, "దీనికి మతి సరిగ్గా లేదు" అనేది.

చిన్నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "పక్క వేసుకుంటున్నాడమ్మా. వీడి తాతముత్తాతలు గడ్డిలో పడుకునేవి. గడ్డి తొక్కి చదును చేసుకోవాలి. అందులో పామో తేలో ఉంటే లేచిపోవాలి. ఇప్పుడు గచ్చు మీద పడుకుంటున్నా కాళ్లు ఆ పని మర్చిపోలేదు. మీ నానమ్మ పడుకునే ముందు దుప్పటి దులపదూ?"

నిజమే. పొద్దున్నే ఎండలో వేసి తెచ్చిన దుప్పటినైనా సరే, నానమ్మ రాత్రి మంచం మీద పరిచే ముందు మూడుసార్లు దులిపేది. ఆ రోజు రాత్రి వసారాలో లాంతరు వెలుగులో ఆవిడ దుప్పటి దులపడం, అరుగు మీద వాడు చుట్లు తిరగడం రెండూ ఒకేసారి చూశాను. అప్పట్నుంచి రోజూ లెక్కపెట్టేదాన్ని. ఎక్కువగా మూడే ఉండేవి. చలికాలంలో నాలుగు. నానమ్మ పైకి ఏమీ అనలేదు గానీ వారం తిరక్కుండా వాడి చోట ఒక గోనెసంచి వచ్చి చేరింది.

*

మా కోనసీమలో వేసవి అంటే ముందుగా గుర్తొచ్చేది కాలవలు కట్టేయడం. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక నీళ్లు ఆపేసేవారు. రెండు మూడు రోజుల్లో కాలవ ఎండి, అక్కడక్కడా మడుగులు మిగిలేవి. పిల్లలం బుట్టలు పట్టుకుని బురదలో దిగేవాళ్లం. కొరమేను, మట్టగిడస, బొమ్మిడాయి, జెల్ల. అరుపులు, బురద, మోకాళ్ల దాకా మురుగు వాసన. ఇప్పుడు అటువైపు వెళ్తే పిల్లలెవరూ కనిపించరు, ప్లాస్టిక్ సంచులే కనిపిస్తాయి.

లంకయ్యకి అది పండగ. వాడికి బతికున్న చేప అక్కర్లేదు. గట్టు మీద ఎండలో రెండు రోజులు మగ్గిన జెల్లని వెతుక్కునేవాడు. దొరికిందా, ముందు మెడ ఆనించేవాడు, తర్వాత భుజం, తర్వాత వీపంతా పెట్టి పొర్లేవాడు. నాలుగు కాళ్లూ ఆకాశంలో, కళ్లు మూతలు. ఆ ముఖంలో అంత సుఖం ఇంకెప్పుడూ చూడలేదు. అలాగే ఇంటికి వచ్చి నానమ్మ మడిబట్టల కింద పడుకుంటే ఇల్లంతా గోల.

"ఎందుకు చిన్నాన్నా, వీడికి అంత కంపు ఇష్టమా?" అని అడిగాను.

"వేటకి వెళ్లే జంతువు తన ఒంటి వాసన దాచుకోడానికి అలా చేస్తుందంటారు. నేను ఫలానా చోటికి వెళ్లొచ్చాను, అక్కడ ఇది ఉంది అని తోటివాటికి చెప్పుకోడానికి అని కూడా అంటారు. ఏదైనా వాడికది కంపు కాదమ్మా. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే వాడికి 20 కోట్ల పైమాటే. నువ్వు రాసుకునే పౌడరు వాడికి ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

ఆ తర్వాత కుంకుడుకాయ రసంతో స్నానం. చిన్నాన్న పట్టుకుంటే నేను పోసేదాన్ని. స్నానం చేస్తున్నంతసేపూ తల వేలాడేసి, ప్రపంచంలో తనకంటే దిక్కులేనివాడు లేడన్నట్టు నిలబడేవాడు. వదిలేసిన మరుక్షణం దెయ్యం పట్టినవాడిలా గడ్డిమేటు చుట్టూ పరుగు. తోక కిందికి పెట్టి, వెనక కాళ్లు ముందు కాళ్లని దాటిపోతున్నట్టు, పది చుట్లు, పదిహేను చుట్లు. పాలేరు తాత దారి ఇచ్చి పక్కకి జరిగేవాడు. "ఆయ్, ఉండనీండి పాపగారూ, ఒంట్లో పట్టి ఉంచుకున్నదంతా వదిలేత్తన్నాడు" అనేవాడు. చదువు లేని ఆ తాత చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనదని చిన్నాన్న ఎప్పుడూ అనేవారు. ఒత్తిడి, ఉత్సాహం పేరుకుపోతే కుక్కలు అలా పరిగెత్తి తేలికపడతాయి. రెండు నిమిషాల్లో ఆగిపోతాయి. ఆపడానికి వెంట పడకూడదు, దారిలో గాజుసామాను లేకుండా చూసుకుంటే చాలు.

ఎండాకాలంలోనే ఇంకో తగువు. నూతి పక్కన గాబు దగ్గర తడిమట్టిలో గొయ్యి తవ్వి పడుకునేవాడు. నానమ్మ కనకాంబరాలు వేళ్లతో సహా పైకి వచ్చేవి. కర్ర తీసుకుని వెళ్తే, గోతిలోంచి కళ్లు మాత్రం పైకెత్తి చూసేవాడు. "మనలా ఒళ్లంతా చెమట పట్టదమ్మా వాడికి, పాదాల కింద కాస్త పడుతుంది అంతే. మిగతా వేడంతా నాలుక మీంచే పోవాలి. అందుకే చల్లటి మట్టికి పొట్ట ఆనించుకుంటాడు" అని చిన్నాన్న కర్ర తీసేసుకున్నారు. కొట్టి మానిపించలేదు. పాక వెనక అరటిచెట్ల నీడలో రెండు బుట్టల ఇసుక పోయించి, రోజూ పొద్దున్నే రెండు చెంబుల నీళ్లు పోశారు. నాలుగు రోజులు వాణ్ణి అక్కడికి తీసుకెళ్లి తనే చేత్తో తవ్వి చూపించారు. కనకాంబరాలు బతికాయి.

*

కొబ్బరికాయల దింపు అయిన రోజుల్లో వాకిలంతా రాశులు. ఒలుపువాళ్లు ఇనప గునపం మీద కాయ పెట్టి మూడు పోట్లలో డొక్క తీసేవారు. ఆ చప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తాళంలో వినిపించేది. పగిలిన కాయల ముక్కలు లంకయ్యవి. రెండు తినేవాడు, మూడోది నోట కరుచుకుని వెళ్లిపోయేవాడు. ఎక్కడికా అని వెంట వెళ్తే, నాకేసి చూసి ఊరికే నిలబడేవాడు. నేను తల తిప్పాక గబగబా గొయ్యి తవ్వి, అందులో పడేసి, ముక్కుతో మట్టి తోసి కప్పేవాడు. సంక్రాంతికి నానమ్మ పెట్టిన అరిసె కూడా అలాగే గడ్డిమేటు కింద చేరింది.

తినకుండా దాచడమేమిటని మాకు కోపం. చిన్నాన్న అటక వైపు చూపించారు. మా అటక మీద ఏడాది పొడుగునా కాయలు ఉండేవి. లోపలి నీళ్లు ఇంకి, కొబ్బరి చిప్ప వదిలి, ఊపితే లోపల గుడగుడమంటే అది కురిడీ. "మనం రేపటికని దాచుకుంటే కురిడీ, వాడు దాచుకుంటే పిచ్చా?" అన్నారు. వేట దొరికిన రోజు మిగిలింది చల్లటి మట్టిలో దాచి, దొరకని రోజు తీసుకు తినడం వాటికి ఎప్పటిదో అలవాటు. ఎన్ని దాచాడో, ఎన్ని తీసుకున్నాడో. వానాకాలంలో దొడ్లో మొలిచిన కొబ్బరి మొక్క ఒకదాన్ని మేం లంకయ్య చెట్టు అనేవాళ్లం. ముక్క పాతితే మొక్క రాదని, ఎక్కడో రాలిన కాయ మొలిచి ఉంటుందని చిన్నాన్న అప్పుడే చెప్పారు. అయినా పేరు పోలేదు.

*

ఇప్పుడు చెప్పబోయేది గుర్తొస్తే నాకు ఇప్పటికీ గుండె పట్టేసినట్టుంటుంది.

మా ఊరికి రెండు కూతలుండేవి. రైస్ మిల్లు కూత, గుళ్లో శంఖం. మిల్లు కూత పడితే ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేవారు. గడియారం ఉన్న ఇళ్లు తక్కువ. ఈ రెంటిలో ఏది వినిపించినా లంకయ్య నిలబడిపోయి, మెడ పైకి సాచి, నోరు సున్నాలా చుట్టి "ఊ..." అని సాగదీసేవాడు. పగలైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఒక వానాకాలం వరసగా రెండు రోజులు తెల్లవారుజామున, చీకట్లో అలా కూశాడు. మూడో రోజు ఎదురింటి తాతగారు పోయారు. ఎంతో కాలంగా మంచం మీద ఉన్న మనిషే. అయినా ఊరంతా ఒకే మాట. కుక్క ఏడ్చింది, ప్రాణం పోయింది.

సాయంత్రానికి నలుగురు పెద్దవాళ్లు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ఆ కుక్కని ఏటికి అవతల వదిలేసి రమ్మని నాన్నని అడిగారు. నాన్న కాదనలేక తల వంచుకున్నారు. నేను తలుపు వెనక నిలబడి ఏడుస్తున్నాను. నానమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది గానీ ఏమీ అనలేదు. ఆవిడకీ లోపల భయమే.

చిన్నాన్న డ్యూటీ నుంచి వచ్చి అంతా విన్నారు. గొంతు పెంచలేదు. "ఆ రెండు రోజులూ గట్టవతల రామాలయంలో సప్తాహం జరిగింది కదండీ. తెల్లవారుజామున శంఖం ఊదారా లేదా?" అని అడిగారు. ఊదారన్నారు. "మనం నిద్రలో ఉన్నాం, మనకి వినపడలేదు. వాడికి వినపడింది" అని లోపలికి వెళ్లి దేవుడి గదిలో శంఖం తెచ్చారు. కాళ్లు కడుక్కుని, అరుగు మీద నిలబడి ఊదారు. పాక దగ్గర పడుకున్న లంకయ్య లేచి, పరిగెత్తుకుని వచ్చి, సరిగ్గా ఆయన పాదాల దగ్గర నిలబడి మెడ ఎత్తి అందుకున్నాడు. శంఖం ఆగింది, వాడూ ఆగాడు. మళ్లీ ఊదారు, మళ్లీ అందుకున్నాడు.

"చెవులు నొప్పి పెట్టి అరుస్తున్నాడేమో" అన్నారొకరు.

"నొప్పయితే పారిపోతాడండి. వీడు దగ్గరికి వచ్చాడు. దూరంగా ఉన్న తమవాళ్లని పిలవడానికి కుక్కలు ఇలాగే సాగదీసి కూస్తాయి. ఈ శంఖం కూత కూడా అలాగే సాగుతుంది కదా, ఎవరో పిలుస్తున్నారనుకుని బదులిస్తున్నాడు."

వచ్చినవాళ్లలో అందరికంటే పెద్దాయన చాలాసేపు లంకయ్యని చూశారు. "ఏదీ, ఇంకోసారి ఊదండి" అన్నారు. ఆ తర్వాత వాణ్ణి వదిలేయమని ఎవరూ అడగలేదు. ఎదురింటి నానమ్మగారు మాత్రం చాలా నెలలు వాడి వైపు చూసేవారు కాదు. ఆవిణ్ణి తప్పుపట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు.

*

చిన్నాన్న అన్నిటినీ అలా వదిలేసేవారని అనుకోకండి. ఏది వింత, ఏది జబ్బు అన్నది ఆయనకి కచ్చితంగా తెలుసు. ఒక ఎండాకాలం ఎక్కడి నుంచో కొత్త కుక్క ఊళ్లోకి వచ్చింది. దవడ వేలాడేసింది, చొంగ కారుతోంది, నడక తూలుతోంది, ఎదురొచ్చిన కర్రనీ గోడనీ కొరుకుతోంది. మా పాలేరు తాత మనవణ్ణి పిక్క మీద కరిచింది. జనం గాయానికి కారం అద్దబోయారు, పసరు కోసం ఒకడు పరిగెత్తాడు. చిన్నాన్న ఆ కారం విసిరికొట్టి, వాణ్ణి బోరింగు దగ్గర కూర్చోబెట్టి, నా చేత పంపు కొట్టిస్తూ, సబ్బు రాసి 15 నిమిషాలు కడుగుతూనే ఉన్నారు. నా చేతులు పడిపోయాయి, ఆపనివ్వలేదు. తర్వాత సైకిలు మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. 14 ఇంజెక్షన్లూ ఒక్కటి తప్పకుండా వేయించారు. ఆ పిల్లాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. చిన్నాన్న పాడె మోసినవాళ్లలో ఉన్నాడు. ఇప్పుడు బొడ్డు చుట్టూ పొడిచే ఆ ఇంజెక్షన్లు లేవు, చేతికి వేసేస్తారు. కడగడం, వెంటనే వెళ్లడం మాత్రం మారలేదు.

లంకయ్యకి ఏటా సంక్రాంతి వెళ్లాక టీకా వేసేవారు. వాడు ఏదైనా కొత్తగా చేస్తే మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎప్పుడూ చేసేదేనా? పిలిస్తే ఆగుతున్నాడా? అన్నం తింటున్నాడా? ఈ మూడింటికీ అవునంటే ఆయన మళ్లీ పేపరు చదువుకునేవారు. పొద్దున్నే గరిక తినడం అలాంటిదే. కడుపులో బాగోలేకనే గడ్డి తింటాయని మేం అనుకునేవాళ్లం. కానీ వాడు తిన్న రోజుల్లో చాలా రోజులు కక్కేవాడే కాదు. కుక్కలకి అది మామూలే అన్నారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పారు, చేలో మందు కొట్టిన వారం ఆ గట్ల మీదికి వదలొద్దని.

తోక వెంట గిరగిరా తిరగడం చిన్నతనంలో ఉండి పోయింది. అది పెద్దయ్యాక వచ్చి, పిలిచినా ఆగకపోతే చూపించాలి అనేవారు. వాడికి ఆ అవసరం రాలేదు.

*

గడ్డిమేటు దగ్గర తల ఒక పక్కకి వాల్చి, ఏమీ లేని చోటుకేసి చూస్తూ మొరిగేవాడు. సాయంత్రం పూట అలా చేస్తే నానమ్మ ఆంజనేయ దండకం అందుకునేది. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన సన్నటి కీచు శబ్దం వినపడదు, కుక్కకి 40,000 పైన కూడా వినపడుతుంది, ఎలకలు మాట్లాడుకునేది ఎక్కువగా అక్కడే. గడ్డి తిరగేసి చూస్తే నిజంగానే ఎలక పిల్లలు, గులాబీ రంగువి, కళ్లు కూడా తెరవనివి.

*

నేను డిగ్రీకి కాకినాడ వెళ్లాను. అమలాపురం నుంచి ముక్తేశ్వరం, అక్కడ పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లి, మళ్లీ బస్సు. పంటు మీద బస్సు, ఎడ్లబండి, సైకిళ్లు, కూరగాయల గంపలు అన్నీ ఒకటే. మధ్యలోకి వచ్చాక ఇంజిను చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. అక్కడ నేను రోజూ ఏడ్చే చోటు ఒకటుండేది. రోజూ అంటే వెళ్లినప్పుడల్లా.

మొదటిసారి వెళ్లిన పదిహేను రోజులకి చిన్నాన్న దగ్గర నుంచి ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. ఇంటి సంగతులన్నీ రాసి చివర్లో రాశారు. నా పాత చెప్పు ఒకటి కనిపించడం లేదని అమ్మ వెతుకుతోందట. లంకయ్య దాన్ని తన గోనెసంచి కిందికి చేర్చుకున్నాడట. కొరకలేదు, చింపలేదు. దాని మీద గడ్డం పెట్టుకుని పడుకుంటున్నాడట. "నీ వాసన ఎక్కువ ఉన్నది అదే కదా అమ్మా. తీసెయ్యొద్దని మీ అమ్మకి చెప్పాను." ఆ ఉత్తరం చాలా ఏళ్లు నా ట్రంకు పెట్టెలో ఉంది.

సెలవులకి వస్తే బస్సు దిగిన చోటే ఎదురొచ్చేవాడు. గెంతడం అయ్యాక అసలు పని మొదలుపెట్టేవాడు. నా పాదాలు, చెప్పుల అడుగులు, సంచి, లంగా అంచు అంతా వరసగా వాసన చూసేవాడు. మధ్యలో కదిలితే ముక్కుతో తోసి మళ్లీ నిలబెట్టేవాడు. ఎక్కడెక్కడ తిరిగానో, ఎవరి పక్కన కూర్చున్నానో ఓపికగా చదువుకునేవాడు. ఆ చదువు అయ్యేదాకా ఇంట్లోకి అడుగు పెట్టకూడదని నాకు నియమం అయిపోయింది.

*

1996 నవంబరు తుఫాను నాటికి వాడికి పదేళ్లు. దీపావళికి నాలుగు రోజులే ఉంది, నేను ఇంటికి వచ్చి ఉన్నాను. ఆ సాయంత్రం వాడు అరుగు మీద ఉండనన్నాడు. ఎప్పుడూ గడప దాటనివాడు వంటింట్లోకి వచ్చి, రోలు వెనక సందులో దూరి, ఆవలింతల మీద ఆవలింతలు. నిద్ర వచ్చి కాదు అవి. కంగారు పడ్డ కుక్క అలా ఆవలిస్తుందని, పెదాలు నాక్కుంటుందని చిన్నాన్న చెప్పి ఉన్నారు. వాడికి ముందే తెలిసిందని నేననను. గాలి మోత మాకంటే వాడి చెవికి ఎక్కువ తగిలి ఉంటుంది. రాత్రికి గాలి పెరిగింది. కొబ్బరిచెట్లు విరుగుతుంటే ఫిరంగులు పేలినట్టు చప్పుడు. పెంకులు ఎగిరిపోతున్నాయి. నానమ్మ వెళ్లి రోలు పక్కన నేల మీద కూర్చుంది. వాడు తల తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. పదేళ్లలో వాణ్ణి ఒక్కసారి కూడా ముట్టుకోని మనిషి, తెల్లవార్లూ వాడి తల నిమురుతూ కూర్చుంది.

పొద్దున్న బయటికి వస్తే ఆకాశం చాలా పెద్దగా కనిపించింది. చెట్లు లేవు. ఆ ఏడు మా ఊళ్లో ఒక్క ఇంట్లో మతాబా వెలగలేదు.

*

చివరి రోజుల్లో లంకయ్య కళ్లకి తెల్లటి పొర వచ్చింది. పగలంతా నిద్ర. నిద్రలో కాళ్లు కొట్టుకునేవి, మీసాలు అదిరేవి, గొంతులోనే చిన్నగా మొరిగేవాడు. లేపబోతే చిన్నాన్న వద్దనేవారు. "కల కంటున్నాడు. ఉలిక్కిపడి కరిచినా వాడి తప్పు కాదు. లేపాలంటే దూరం నుంచి పేరు పెట్టి పిలు." ఆ కలల్లో కాలవ గట్టు మీద పరిగెడుతున్నాడని నేను అనుకునేదాన్ని.

రాత్రిళ్లు లేచి తిరిగేవాడు. గోడ మూలకి వెళ్లి, గోడకేసి చూస్తూ నిలబడిపోయేవాడు, వెనక్కి తిరగడం మర్చిపోయినట్టు. నాన్న విసుక్కున్నారు. చిన్నాన్న మాత్రం ఏ అర్ధరాత్రైనా లేచి, మెడ కింద చెయ్యి వేసి, మెల్లగా తిప్పి, గోనెసంచి దగ్గరికి తెచ్చేవారు. "ముసలితనం. మనుషులకొచ్చినట్టే వాటికీ వస్తుంది" అనేవారు. తీసుకొచ్చాక వాడు చుట్లు తిరగబోయేవాడు. వెనక కాళ్లు సహకరించేవి కావు. ఒక చుట్టు, సగం. చిన్నాన్న నడుం పట్టుకుని మిగతా చుట్లు తిప్పేవారు. అప్పుడు పడుకునేవాడు.

దాళ్వా ఊడ్పులప్పుడు ఒక తెల్లవారుజామున వెళ్లిపోయాడు. లంకయ్య చెట్టు కిందే పెట్టారు.

*

చిన్నాన్నకి కిందటేడాది నుంచి మతిమరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత పగలూ రాత్రీ. అర్ధరాత్రి లేచి గోడకేసి చూస్తూ నిలబడేవారని పిన్ని ఫోనులో చెప్పింది. కొడుకులు డాక్టర్లకి చూపించారు. మాట్లాడితే కంగారు పడుతున్నారని, రాత్రిళ్లు తలుపుకి తాళం వేద్దామని అన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. రాత్రికి ఎన్నిసార్లు లేచినా తనూ లేచి, ఒక్క మాట అనకుండా, భుజం కింద చెయ్యి వేసి మెల్లగా తిప్పి మంచం దగ్గరికి తెచ్చేదట. పడుకునే ముందు ఆయన దుప్పటి దులపమని సైగ చేసేవారట. ఎన్నిసార్లు అని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

*

పెద్దకార్యం రోజు వాన తెరిపిచ్చింది. ఎర్రకుక్క అరుగు మీదే ఉంది. రాత్రి పిన్ని దానికి కొబ్బరిచిప్పలో పాలన్నం పెట్టినట్టుంది, చిప్ప నాకి ఉంది.

జంగందేవర వచ్చి వాకిట్లో నిలబడి శంఖం ఎత్తాడు. మొదటి కూత సాగీ సాగకముందే అరుగు మీది కుక్క లేచింది. మెడ పైకి సాచి, కళ్లు మూసి, అదే పొడుగున అందుకుంది. చుట్టాల్లో పెద్దవాళ్లు "ఛీ ఛీ, కార్యం జరిగే చోట ఈ అపశకునమేంటి" అంటూ లేచారు. మేనత్త పక్కనున్న కర్ర తీసుకుంది. నేను లేవబోయాను.

నాకంటే ముందు పిన్ని లేచింది. అత్త చేతిలో కర్ర తీసుకుని గోడకి ఆనించింది. తర్వాత జంగందేవర వైపు తిరిగింది.

"ఇంకోసారి ఊదండి" అంది.